విందులో మితం, ఆతిథ్యంలో సుఖం

స్పెయిన్‌లో వేసవి సాయంత్రం నలుగురిని ఇంటికి పిలిస్తే పొయ్యి దగ్గర ఎక్కువసేపు నిలబడే పని ఉండదు. ఉప్పునీటిలో ఊరిన ఆలివ్ కాయలు, వేయించిన బాదం, గొర్రెపాలతో చేసే మాంచేగో చీజ్, ముందే వండి చల్లార్చిన బంగాళాదుంప ఆమ్లెట్, గజ్పాచో అనే చల్లని టమాటా సూప్, వాటి పక్కన కావా అనే నురగల వైన్ ఉంటే చాలు. చిన్న పళ్లేలలో వచ్చే ఈ తినుబండారాలను టాపాస్ అంటారు. స్పానిష్‌లో టాపా అంటే మూత. ఇంత తక్కువ సరంజామాతో సాగే విందు ఒక పాత ప్రశ్నను ముందుకు తెస్తుంది: విందులోని సుఖం పదార్థంలో ఉందా, సాంగత్యంలో ఉందా?

సుఖమే జీవిత పరమార్థమన్న గ్రీకు తత్త్వవేత్త ఎపిక్యురస్ (క్రీ.పూ. 341–270) భోగలాలసుడని చాలామంది అనుకుంటారు. ఆయన మాత్రం రొట్టె, నీళ్లతోనే తృప్తిపడేవాడు. ఎప్పుడైనా విందు చేసుకోవాలనిపిస్తే ఉంటుందని, చిన్న కుండెడు చీజ్ పంపమని ఒక మిత్రుణ్ణి అడిగాడు. కోరిక చిన్నదైతే తీరడం సులువు, తీరిన కోరికే సుఖం అన్నది ఆయన లెక్క. నేటి స్పెయిన్‌లోని కోర్దోబాలో పుట్టిన రోమన్ తత్త్వవేత్త సెనెకా స్టోయిక్ అనే వేరే సంప్రదాయానికి చెందినవాడు. అయినా ఎపిక్యురస్ చెప్పిన ఒక మాటను మెచ్చి తన లేఖలో చేర్చాడు. ఏం తినాలి, ఏం తాగాలి అని చూసేముందు ఎవరితో కలిసి తినాలో, తాగాలో చూసుకోవాలని దాని సారాంశం.

స్పెయిన్‌లోనే బిల్బిలిస్ అనే ఊళ్లో పుట్టిన రోమన్ కవి మార్షల్ మిత్రులను భోజనానికి పిలుస్తూ ఒక పద్యం రాశాడు. అందులో ఆకుకూరలు, గుడ్లు, మేకపిల్ల మాంసం వంటి మామూలు పదార్థాలే ఉంటాయి. వాటితోపాటు ఆయన ఇచ్చే హామీ ముఖ్యమైనది: ఆ రాత్రి మాట్లాడిన మాటలకు మర్నాడు ఎవరూ నొచ్చుకోనక్కరలేదు. వంటకాల జాబితాలో మాటల మర్యాదకూ చోటిచ్చిన పద్యమది.

నిరాడంబరత అంటే పిసినారితనం కాదని స్పెయిన్‌లోని కాటలోనియా ప్రాంతపు టమాటా రొట్టె చూస్తే తెలుస్తుంది. కాల్చిన రొట్టె ముక్కపై సగానికి కోసిన పండు టమాటాను తొక్క మాత్రమే మిగిలేదాకా రుద్దుతారు. పైన ఆలివ్ నూనె, ఉప్పు పడితే అయిపోయినట్టే. ఇష్టమైనవారు ముందు వెల్లుల్లి రాస్తారు. అతిథులే బల్ల దగ్గర ఎవరి ముక్క వారు చేసుకోవచ్చు. వడ్డించే మనిషికీ తినే మనిషికీ మధ్య దూరం అక్కడ చెరిగిపోతుంది, గృహస్థు కూడా కూర్చుంటాడు.

ఈ సులువు వెనుక ఇతరుల దీర్ఘశ్రమ ఉంది. 1872లో జోసెప్ రవెంతోస్ కాటలోనియాలోని సాంత్ సదుర్నీ ద'అనోయాలో తొలి సీసాలు తయారుచేసిన కావాలో బుడగలు సీసాలోనే పుడతాయి. వైన్‌కు చక్కెర, ఈస్ట్ చేర్చి మూస్తే అది రెండోసారి పులుస్తుంది. కనీసం 9 నెలలు అడుగున చేరే ఈస్ట్ మడ్డితోనే ఉంచి, తర్వాత మడ్డిని సీసా మెడలోకి దించి తీసేస్తారు. అంత ఓపికతో తయారైనదాన్ని గటగటా తాగేయడం ఆ శ్రమను అగౌరవపరచడమే. కాబట్టి మితం సొంత ఆరోగ్యానికి మాత్రమే సంబంధించింది కాదు, కృతజ్ఞత కూడా.

క్రైస్తవ మఠ సంప్రదాయం మితాన్నీ ఆతిథ్యాన్నీ కలిపింది. 6వ శతాబ్దపు బెనెడిక్ట్ నియమావళి అతిథిని క్రీస్తుగా భావించి ఆహ్వానించమంటుంది. సన్యాసికి రోజుకు కొద్దిపాటి వైన్ అనుమతిస్తూనే, మానగలిగినవారికి ప్రత్యేక ఫలం ఉంటుందంటుంది. తాగేవారినీ తాగనివారినీ ఒకే పంక్తిలో కూర్చోబెట్టే ఆ దృష్టి ఇంటి విందుకూ వర్తిస్తుంది. వైన్ ముట్టని అతిథికి చల్లని గజ్పాచో అందించి, బలవంతం చేయకపోవడమే మర్యాద.

సుఖానికి పదార్థం అవసరమే, కానీ అది సాధనం మాత్రమే. గృహస్థును అతిథికి దూరం చేసేది ఎంత ఖరీదైనా లోపమున్న విందు. ఇద్దరినీ ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టేది గుప్పెడు ఆలివ్‌లతోనైనా సంపూర్ణమైన విందు.