మట్టిపై దేవతలు

అనకాపల్లి వీధులలో బెల్లపు వాసన లేచుచున్న ఈ వేళ, మీ ఇంటి అప్పడాలకర్రను ఒక్కసారి తలచుకొనుడు. దానిని చిటికెనవ్రేలి కణుపంత చేయుడు. చుట్టును లోతుగా బొమ్మలు చెక్కుడు. పచ్చిమట్టిపై దొర్లించినచో, చెక్కిన లోతు ఉబ్బుగా లేచును. కుడి ఎడమ యగును.

ప్రాచీన అస్సీరియా జనుల శిలాముద్రలిట్టివి. బాన మూతికి మెత్తిన మట్టిమీదనో, లిఖితమైన మట్టిపలక మీదనో యజమాని తన ముద్రను దొర్లించినప్పుడు, పవిత్రవృక్షమును, దాని కిరుప్రక్కల రెక్కలు గల దేవతామూర్తులును, పైని రెక్కల వలయమును అచ్చట వెలయుచుండెను. ఆ వలయము అస్సురదేవుని గుర్తని కొందరు పండితులందురు; సూర్యదేవుడని మరికొందరు. ఎవరైననేమి, సంతకమునకు దేవుడే సాక్షి. మన పెద్దలు ఉత్తరము తలపై ‘శ్రీరామ’ యని వ్రాయుట యిట్టిదే కదా!

ముద్రలు దూరదేశపువే కావు; మన ఊరి చెంత శంకరమున్నది. బౌద్ధ భిక్షువుల విహారమునకు చెల్లిన ‘సంఘారామము’ అను మాటయే ఆ పేరైనదందురు. అచ్చట 1907-08లో పురావస్తుశాస్త్రజ్ఞుడు అలెగ్జాండర్ రీ త్రవ్వకములు జరుపగా, నాణెములతోపాటు ముద్రలును లభించినవి. గుప్పిట నిమిడెడు అస్సీరియా ముద్ర యొకవైపు. శంకరమందలి లింగాలకొండ రాతినే తొలిచి నిలిపిన స్తూపముల బారులొకవైపు. ఏది ఘనమని నన్నడిగినచో, నేను చిన్నదానివైపే మొగ్గుదును. స్తూపమును చూచుటకు కొండ యెక్కవలెను. ముద్రలోని దేవుడో, దారమున వ్రేలాడుచు యజమాని వెంట సంతకు సైతము నడచెను. సంతకమునకు ఆయనే సాక్షి.