మూడు జీవాల లెక్క

"ఏం సార్, ఆదివారం మీరూ కోడికూర తింటారు కదా, ఆ కోడికి లేని సెలైను ఈ కుక్కకెందుకు?" అని మా పై అంతస్తు పెద్దాయన మెట్ల మీద నిలబెట్టి అడిగాడు. ఎగతాళికి కాదు, నిజంగానే తెలుసుకోవాలని. రిటైరైన లెక్కల మేష్టారు. లెక్క కుదరకపోతే ఆయనకు నిద్ర పట్టదు. నేను నవ్వేసి వచ్చేశాను గానీ ప్రశ్న మాత్రం నాతోపాటే ఇంట్లోకి వచ్చింది. ఆయనకు తెలియని సంగతి ఇంకొకటుంది. మా కుక్క అన్నంలోకి నేను ఉడికించేది కూడా కోడిమాంసమే.

ఈ ప్రశ్నకు సిద్ధంగా రెండు జవాబులున్నాయి. కోడిని మానెయ్యడం, లేదా సెలైను మానెయ్యడం. రెండిట్లో ఏది చేసినా లెక్క సరిపోతుంది. మొదటి దారి పట్టినవాళ్లంటే నాకు గౌరవం. రెండోదాన్ని మాత్రం మనవాళ్లు వేదాంతంలో ముంచి చెప్తారు. పుట్టింది గిట్టక తప్పదు, ఎలాగూ పోయే ప్రాణమే, ఎందుకీ తాపత్రయం అని. ఏళ్ల తరబడి దున్నిన ఎద్దును సంతకు తోలేటప్పుడు వినిపించేదీ ఈ మాటే. పక్కవాడి ప్రాణం దగ్గర మనకు అనిత్యం ఎంత త్వరగా గుర్తొస్తుందో! మన సొంత బీపీ మాత్ర ఒక్క పూట తప్పితే ఆ వేదాంతం ఎటు పోతుందో తెలియదు. ప్రాణం నిలవదన్న సంగతి కసాయి పని చేసేవాళ్లకు మనకన్నా బాగా తెలుసు. కాబట్టి అది తెలిసినంత మాత్రాన దయ పుట్టదు. రెండింటికీ మధ్య ఇంకేదో ఉండాలి.

మా కుక్క పేరు పండు. జాతీ గీతీ లేదు, ఊరకుక్క. మురుగుకాలువ పక్కన కుయ్‌కుయ్‌మంటుంటే తెచ్చుకున్న పిల్ల. ఊరకుక్కలు ముసలివై చనిపోవడం మన వీధుల్లో అరుదు. ఏ లారీ కిందో పడి, ఏ రోగమో వచ్చి నడిమధ్యే పోతాయి. ముసలితనం చూసే భాగ్యం, అది భాగ్యమే అయితే, ఇంట్లో పెరిగినవాటికే. కళ్లలో నీలిపొర కమ్ముతుంది. చెవులు మందగిస్తాయి. వెనక కాళ్లు వణుకుతాయి. పండుకు వీటన్నిటితోపాటు కిడ్నీలు కూడా దెబ్బతిన్నాయి. క్రియాటినిన్ పెరుగుతోందని, సెలైను చర్మం కింద ఎక్కిస్తూ ఉండాలని చెప్పి, డాక్టరు ఆ పని నాకే నేర్పాడు.

భుజాల మధ్య వదులుగా ఉండే చర్మాన్ని రెండు వేళ్లతో పట్టి పైకి లాగాలి. ఆ మడతలో సూది గుచ్చాలి. సెలైను నరంలోకి పోదు, చర్మానికీ కండకీ మధ్య చేరుతుంది. చూస్తుండగానే భుజం మీద మూపురం లాంటిది లేస్తుంది. అది మెల్లగా ఒక పక్కకు జారి, ముందుకాలి దాకా దిగి, కొన్ని గంటల్లో ఒంట్లోకి ఇంకిపోతుంది. బాటిల్‌ను ముందే గోరువెచ్చని నీళ్లలో పెట్టి ఉంచితే పండు కదలకుండా పడుకునేది. మరిచిపోయి చల్లగా ఎక్కిస్తే వీపంతా జలదరించేది. తల మాత్రం తిప్పేది కాదు. అంత నమ్మకం నా మీద ఎందుకో నాకే అర్థమయ్యేది కాదు.

జంతువులు వర్తమానంలో బతుకుతాయని, రేపటి బెంగ వాటికి లేదని, మనం వాటి దగ్గర నేర్చుకోవలసింది అదేనని చాలామంది రాశారు. కుక్కను పెంచినవాళ్లు రాసిన మాట కాదనుకుంటాను. పండుకు రేపు లేకపోవడమేమిటి? సాయంత్రం గేటు చప్పుడు కోసం మధ్యాహ్నం నుంచే తలుపు దగ్గర కాపు కాసేది. బ్యాగు సర్దుతుంటే మంచం కింద దూరి అలిగేది. దానికి రేపు ఉంది. లేనిది నామోషీ. మెట్లెక్కలేని రోజు వచ్చినప్పుడు కింది మెట్టు దగ్గర నిలబడి ఒక్కసారి మొరిగింది. వెళ్లి ఎత్తుకున్నాను. మర్నాటి నుంచి అదే పద్ధతి. ఒక్క మొరుగు, ఎత్తుకోవడం. నిన్నటిదాకా తానే ఎక్కేదాన్నని గుర్తు చేసుకుని కుంగినట్టు ఎన్నడూ కనిపించలేదు. మంచం పట్టిన మా అమ్మ చివరి నెలల్లో బాత్రూముకు తీసుకెళ్లిన ప్రతిసారీ "నీకు శ్రమ పెడుతున్నా నాయనా" అనేది. ఆ మాట వినడం కన్నా ఏ శ్రమా ఎక్కువ కాదు. సాయం తీసుకోవడం కూడా ఒక విద్య అని, అందులో మనుషుల కన్నా కుక్కలు చాలా ముందున్నాయని పండును ఎత్తుకున్నప్పుడల్లా అనిపించేది.

తిండి మానేసిన రెండో రోజున డాక్టరు ఇంటికొచ్చి ఇంజెక్షను ఇచ్చాడు. ఆ నిర్ణయం మాదే. అది సరైనదేనని నా అభిప్రాయం. దాని గురించి ఇంతకన్నా రాయను.

చావు దగ్గర ఎలా కూర్చోవాలో చెప్పిన తెలుగు పుస్తకం ఒకటుంది. సూరి నాగమ్మ అరుణాచలం నుంచి తన అన్నగారికి రాసిన ఉత్తరాలు, 'శ్రీ రమణాశ్రమ లేఖలు'. 1948 జూన్ 18న ఆశ్రమంలో లక్ష్మి అనే ఆవు చనిపోయింది. దూడగా ఉన్నప్పుడు ఎవరో భక్తులు ఇచ్చి వెళ్లిన ఆవు అది. దాని చివరి గంటల్లో రమణ మహర్షి పక్కన కూర్చుని తల మీద చెయ్యి వేసి నిమిరారు. దాన్ని ఆశ్రమంలోనే సమాధి చేశారు. ఆ పక్కనే ఒక కుక్కకు, ఒక లేడికి, ఒక కాకికి కూడా సమాధులున్నాయి. ఆవుకు ముక్తి వచ్చిందా లేదా అన్న చర్చలోకి నేను పోను, నా స్థాయి కాదు. నన్ను పట్టుకున్నది వేరు. దేహం నేను కాదని జీవితమంతా చెప్పిన మనిషి, పోతున్న ఒక దేహాన్ని నిమురుతూ కూర్చున్నాడు. ఎలాగూ పోయేదే కదా అని లేచి వెళ్లిపోలేదు. అనిత్యం గురించి అందరికన్నా ఎక్కువ తెలిసినవాడు చేసిన పని అది.

ఇక మేష్టారి లెక్క సంగతి. దానికి నాకు దొరికిన జవాబు ఎర్రగుడి బండల మీద ఉంది. గుత్తి నుంచి పత్తికొండ వెళ్లే దారిలో, మా కర్నూలు జిల్లాలోనే. క్రీస్తు పూర్వం 3వ శతాబ్దంలో అశోకుడు చెక్కించిన శాసనాలు అక్కడి గుండ్ల మీద బ్రాహ్మీ లిపిలో ఉన్నాయి. కొన్ని పంక్తులైతే కుడి నుంచి ఎడమకు నడుస్తాయి. ఎండలో ఆ రాళ్ల ముందు నిలబడితే అక్షరం ముక్క అర్థం కాదు. ఏం రాసి ఉందో ముందే చదువుకుని పోవాలి. పద్నాలుగు పెద్ద శాసనాల్లో మొదటిది జంతువుల గురించే. ఒకప్పుడు రాజుగారి వంటశాలలో కూరల కోసం రోజూ లక్షల ప్రాణులను చంపేవారట. ఇప్పుడు మూడింటినే చంపుతున్నారు, రెండు నెమళ్లు, ఒక జింక. ఆ జింకనైనా రోజూ కాదు. ముందుముందు ఈ మూడింటినీ చంపరు. ఇదీ దాని సారాంశం.

ఆ శాసనాన్ని చదివినప్పుడల్లా నాకు ఆశ్చర్యమే. చక్రవర్తి కదా, ఇంకొన్నాళ్లు ఆగి, ఆ మూడూ మానేశాక, 'నా వంటింట్లో హింస లేదు' అని ఘనంగా చెక్కించుకోవచ్చు. ఈనాటి ప్రభుత్వాలైతే అలాగే చేసేవి, మానకముందే ఫ్లెక్సీ కట్టేవి. ఆయన ఇంకా మూడు మిగిలాయని రాతి మీద ఒప్పుకున్నాడు. ఆ జింక రోజూ కాదన్న ముక్క ఉంది చూశారూ, పథ్యం చేస్తున్న రోగి డాక్టరు ముందు నసిగినట్టుంటుంది. నాకు ఆ శాసనంలో అన్నిటికన్నా నచ్చేది అదే. రెండో శాసనంలో మనుషులకూ పశువులకూ వైద్యం ఏర్పాటు చేశానని, ఔషధ మొక్కలు నాటించానని, దారుల వెంట బావులు తవ్వించి చెట్లు పెట్టించానని చెప్పాడు. అంటే నెమళ్లు పొయ్యి మీద ఉండగానే పశువుల వైద్యం మొదలైంది. లెక్క కుదిరేదాకా ఆగలేదు.

మన కథల్లో కూడా లెక్క కుదరదు. తండ్రి చితికి నిప్పు పెట్టే అవకాశం రాముడికి దక్కలేదు, అడవిలో ఉన్నాడు. ఆ కర్మను ఆయన జటాయువుకు చేశాడు, ఒక రాబందుకు. గోదావరిలో దిగి దానికి నీళ్లు వదిలాడు. అంత గొప్ప ఘట్టంలోనే, ఆ పిండప్రదానం కోసం జింకలను చంపి మాంసం పెట్టినట్టు వాల్మీకి రాశాడు. వాల్మీకి దాచలేదు, మనమే ఆ శ్లోకం దగ్గర గొంతు తగ్గిస్తాం. ఒక ప్రాణి మీద జాలి ఇంకో ప్రాణి మీదుగా నడిచి వస్తుందన్న సంగతి ఆ మహాకవికి తెలుసు.

రాబందు ప్రస్తావన వచ్చింది కాబట్టి ఆగాలి. దాని పేరు తిట్టయిపోయింది గానీ మా చిన్నతనంలో ఊరవతల చచ్చిన గొడ్డును పడేస్తే, తోలు తీసుకునేవాళ్లు తీసుకున్నాక, పొద్దుగూకే లోపల ఎముకలు మిగిలేవి. ఆకాశంలో చుక్కల్లా తిరుగుతూ ఒక్కొక్కటే దిగేవి. వాసన ఊళ్లోకి వచ్చేది కాదు. చావును చావులా ముగించే పని వాటిది. అవి పోయాయి. 1990ల మొదటి నుంచి 2007 వరకు మన దేశంలో తెల్లవీపు రాబందులు నూటికి తొంభై తొమ్మిది పైగా తుడిచిపెట్టుకుపోయాయి.

కారణం దయ. వెటకారానికి అనడం లేదు. వయసు మళ్లిన పశువు కీళ్లు వాచి, కాళ్లు ఈడుస్తుంటే చూడలేక రైతులు నొప్పి తగ్గడానికి డైక్లోఫెనాక్ ఇంజెక్షను వేయించారు. మందు చవక, గుణం కనపడుతుంది. ఆ మందు ఒంట్లో ఉండగానే పశువు చనిపోతే, దాన్ని తిన్న రాబందుకు కిడ్నీలు పోతాయి. రక్తంలో యూరిక్ ఆమ్లం పేరుకుని గుండె మీదా కాలేయం మీదా తెల్లటి సున్నంలా పేరుతుంది. కొద్ది రోజుల్లో పక్షి నేల రాలుతుంది. ఒక కళేబరం మీద పదులకొద్దీ వాలుతాయి కాబట్టి వందలో ఒక కళేబరంలో కూడా ఆ మందు ఉండనక్కర్లేదు, జాతి మొత్తం కూలిపోవడానికి అంతకన్నా తక్కువే చాలని పరిశోధకులు లెక్కగట్టారు. అసలు కారణం 2004లో బయటపడింది. 2006లో మన ప్రభుత్వం పశువులకు ఆ మందు ఆపించింది. మనుషుల కోసం అమ్మే పెద్ద సీసాలను పశువులకు మళ్లిస్తున్నారని 2015లో సీసా పరిమాణం మూడు మిల్లీలీటర్లకు కట్టడి చేసింది. పండుకు కిడ్నీ జబ్బని తెలిసిన వారంలోనే నేను ఇదంతా మళ్లీ చదివాను. ఒక అవయవం పాడైతే ఒక కుక్క పోతుందని ఆ పూట నా బాధ. అదే అవయవం మీదుగా ఒక జాతి పోయింది.

ఒక ప్రాణి పోవడం, ఒక జాతి పోవడం రెండూ అనిత్యమేనని ఒకే గాట కట్టడం నాకు సమ్మతం కాదు. ముసలి కుక్క చనిపోతే దాని తర్వాత ఇంకో కుక్క ఉంటుంది. ఆ చావులో ఒక క్రమం ఉంది, ఏడ్చి ఓర్చుకోవచ్చు. రాబందు ఏడాదికి ఒక్కటే గుడ్డు పెడుతుంది. ఆ గుడ్డులోంచి వచ్చిన పిల్ల మళ్లీ గుడ్డు పెట్టడానికి దాదాపు ఐదేళ్లు పడుతుంది. ఆసిఫాబాద్ జిల్లా బెజ్జూరు అడవుల్లో పాలరాపు గుట్ట మీద పొడుగుముక్కు రాబందులు కనిపిస్తే అది పత్రికల్లో వార్త అయింది. హైదరాబాద్ జూలో వాటిని పెంచే కేంద్రమే పెట్టాల్సి వచ్చింది. దీన్ని కాలధర్మం అనకూడదు. మనం చేసింది, తెలియక చేసింది. తెలిశాక కూడా చేస్తే దానికి వేరే పేరుంది.

మేష్టారికి తర్వాత ఒక రోజు నా జవాబు చెప్పాను. నా లెక్కలో శేషం మిగులుతూనే ఉంటుందండీ, అది సున్నా అయ్యేదాకా ఆగితే ఈలోపు కుక్క చచ్చిపోతుంది, దానికి మన అంత వ్యవధి లేదు అన్నాను. ఆయన ఒప్పుకోలేదు. శేషం ఉంటే లెక్క తప్పేనన్నాడు. ఆయన మాటా తీసెయ్యలేను. అన్నట్టు, ఆ తర్వాత నేను కోడి మానలేదు, తగ్గించాను. అశోకుడి జింక లాగ, రోజూ కాదు.

మీ ఇంట్లోనో మీ ఊళ్లోనో ముసలి పశువుకు నొప్పి మందు వేయిస్తుంటే ఒక్క మాట అడగండి, అది ఏ మందని. మెలోక్సికామ్ అంటే వేయించండి, నొప్పీ తగ్గుతుంది, రాబందుకూ హాని లేదు. డైక్లోఫెనాక్ అంటే వద్దనండి. అసెక్లోఫెనాక్, కీటోప్రొఫెన్ అన్నా వద్దనండి, పశువులకు ఆ రెండింటినీ 2023లో నిషేధించారు. సీసా మీద పేరు చిన్న అక్షరాల్లో ఉంటుంది. కళ్లజోడు పెట్టుకుని చదవండి.