కనుమనాఁటి విశ్రాంతి

మొన్నటి సంకురాత్రికి మా బిడ్డలు మువ్వురును సకుటుంబముగా నింటికి వచ్చిరి. పండుగ మూడునాళ్లును నవ్వులతో గడచినవి. కనుమనాఁడు కాకియైనఁ గదలదని మనవారి సామెత. నాఁడు ఎద్దులకుఁ గాడి మోపము. కడిగి, కొమ్ములకు రంగులు పూసి పూజింతుము.

మఱునాఁడు ప్రయాణమగుచు మా కొమార్తె “నాన్నా! అమ్మ మనతో నొక్కపూటయైనఁ గూర్చుండి భోజనము చేసినదా?” యని యడిగినది. నాకు నోట మాట రాలేదు.

ఎద్దునకుఁ గల విశ్రాంతి యిల్లాలికి లేకపోవుట ధర్మమా? ప్రేమచేతఁ జేసినదందురా? ఆ ప్రేమకు మన మిచ్చిన బదులేమి? ఉమ్మడి యాస్తిలోఁ గొమార్తెలకు సమభాగము కల్పించుటకు ఆంధ్రప్రదేశమున 1986లోఁ జట్టము కావలసివచ్చినది. పొయ్యికడఁ గుమారులు సమభాగము గైకొనుటకుఁ జట్టమేల? ముందుగా నేనే గరిటె పట్టవలసియున్నది.