తక్కెడను తూచేది ఏది?

కాంతితో చేసే ఏ కొలతలోనైనా రెండు స్వభావాలు కలిసిపోయి వస్తాయి. ఒకటి వస్తువుది, రెండోది పరికరానిది. ఫ్లోరెసీన్ ద్రావణం మీద లేజర్ మెరుపు పడితే అది కాంతిని పీల్చుకుని, సగటున 4 నానోసెకన్లకు మరో రంగులో వదిలేస్తుంది. ఈ సగటే దాని ప్రతిదీప్తి ఆయుష్షు. కానీ మెరుపుకూ కొంత వెడల్పు ఉంటుంది. డిటెక్టరు కూడా ఒక ఫోటాన్‌ను కాస్త ముందు, మరొకదాన్ని కాస్త వెనక నమోదు చేస్తుంది. రెండూ కలిసి సాధారణ పరికరాల్లో 200 పికోసెకన్ల మసక తేవచ్చు. 4 నానోసెకన్ల దగ్గర అది పెద్ద లెక్కలోకి రాదు. ఆయుష్షే 200 పికోసెకన్లున్న పదార్థమైతే, తెర మీది గీతలో దానిదెంతో పరికరానిదెంతో చూపుకు అందదు. పరికరం ఎంత కలిపిందో చెప్పాల్సింది మళ్లీ ఆ పరికరమే. దాని మాట నమ్మడానికి ఆధారమేమిటి?

పల్నాడు జిల్లాలో, కృష్ణానది మధ్య నాగార్జునకొండ ఉంది. సంప్రదాయం ఆ కొండతో ముడిపెట్టిన ఆచార్య నాగార్జునుడు ‘విగ్రహవ్యావర్తని’లో సరిగ్గా ఇదే అడిగాడు. వస్తువులు ప్రమాణాల వల్ల, అంటే తెలుసుకునే సాధనాల వల్ల సిద్ధిస్తే, ప్రమాణాలు దేనివల్ల సిద్ధిస్తాయి? వేరే ప్రమాణాల వల్ల అంటే ఆ వరసకు అంతుండదు. ఏ ప్రమాణమూ అక్కర్లేదంటే వాదించేవాడు తన మొదటి మాటనే వదులుకున్నట్టు. అగ్ని ఇతరాలతో పాటు తననూ వెలిగించుకుంటుంది కదా అంటే, అగ్నిలో చీకటే లేనప్పుడు వెలిగించుకోవడానికి ఏముందని ఆయన ఎదురు ప్రశ్న.

న్యాయశాస్త్రం వారైన నైయాయికుల జవాబు తక్కెడ. బంగారం తూస్తున్నంతసేపూ అది ప్రమాణం. దాని మీదే అనుమానం వచ్చి, బరువు తెలిసిన బంగారంతో సరిచూస్తే అదే ప్రమేయం, అంటే తెలుసుకోవాల్సిన వస్తువు, అవుతుంది. న్యాయసూత్రాల రెండో అధ్యాయంలోని ఈ మాటకు మిర్చి రైతు దగ్గర వ్యాఖ్యానం అక్కర్లేదు. కాటా మీద తూనికలు కొలతల శాఖ ముద్ర ఉందో లేదో చూస్తాడు. అనుమానమొస్తే బస్తా దింపించి 20 కిలోల రాయి పెట్టమంటాడు.

ప్రయోగశాలలోనూ జరిగేది ఇదే. రంగు ద్రావణాన్ని తీసేసి ఆ చోట లూడాక్స్ పెడతారు. అది నీళ్లలో సన్నని సిలికా రేణువులు తేలే ద్రావణం. రేణువులు కాంతిని తాగవు, పడిన క్షణానే వెదజల్లుతాయి. వాటికి ఆయుష్షే లేదు కాబట్టి అప్పుడు తెర మీద కనిపించే వెడల్పంతా పరికరానిదే. ఆ వెడల్పును అసలు కొలత నుంచి తీసివేతలాగా తీసేయడం కుదరదు. రెండూ పక్కపక్కన లేవు, ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. లెక్కతో విడదీయబోతే చిన్న చిన్న చిందరవందరలు పెద్దవై అసలు సంగతిని మింగేస్తాయి. అందుకని పని తిరగేస్తారు. ఆయుష్షు ఇంత అని ఊహించి, ఆ ఊహను పరికరం మసకలోంచి పోనిచ్చి, నమోదైన గీతతో పోలుస్తారు. పోలిక ఎంత కుదిరిందో చెప్పే కై-స్క్వేర్ విలువ 1 దగ్గరకు వచ్చి, రెండు గీతల తేడాలో ఏ వంపూ కనిపించకుండా పోయేంత వరకు ఊహను సవరిస్తారు. ఇందులో పరికరాన్ని తొలగించడమన్నది లేనేలేదు. సిద్ధాంతమే పరికరం ముందుకు వచ్చి నిలబడుతుంది.

ఇంతటితో నాగార్జునుడు ఓడిపోయాడనుకుంటే తొందరపాటే. లూడాక్స్‌తో సరిచూసింది లేజర్ రంగు దగ్గర, కొలవాల్సింది అంతకంటే పొడవైన తరంగదైర్ఘ్యం దగ్గర. డిటెక్టర్లుగా వాడే కొన్ని ఫోటోమల్టిప్లయర్ గొట్టాలు రంగును బట్టి కాలాన్ని కాస్త అటూ ఇటూ చూపిస్తాయి. దీనికి మందుగా, అదే రంగులో వెలిగే, ఆయుష్షు ముందే తెలిసిన రంగుపదార్థాన్ని వాడతారు. ఆ ఆయుష్షును ఎవరో ఎక్కడో మరో పరికరంతో కొలిచే ఉండాలి. అనవస్థ, అంటే ఆ అంతులేని వరస, మళ్లీ తలెత్తింది! దాన్ని ఆపేది తర్కం కాదు, పొందిక. మెరుపులతో కొలిచినా, కాంతి తీవ్రతను హెచ్చుతగ్గులు చేస్తూ దశాభేదంతో కొలిచినా ఒకే అంకె వస్తే అది నమ్మదగినదే, ఎందుకంటే ఆ రెండు పద్ధతుల లోపాలు ఒక జాతివి కావు. ఒకే రకం లోపమున్న పది పరికరాలు ఏకమై చెప్పినా దానికి ఈ విలువ లేదు. 17వ శతాబ్దపు తెలుగు నైయాయికుడు అన్నంభట్టు కూడా జ్ఞానపు ప్రామాణ్యం బయటి నుంచే తెలుస్తుందన్నాడు. నీళ్లున్నాయనుకుని వెళ్లినవాడికి నీళ్లు దొరకాలి.

మీమాంసకుడు కుమారిలభట్టు దారి వేరు. జ్ఞానం తనంతట తానే ప్రమాణం, సాధనంలో దోషమో విరుద్ధ జ్ఞానమో బయటపడితేనే అది చెల్లదు. దీన్ని గుడ్డి నమ్మకమనడం అన్యాయం. ప్రతి రీడింగునూ నిరూపించుకుంటూ కూర్చుంటే ఏ ప్రయోగశాలా సాయంత్రానికి ఒక్క నివేదిక ఇవ్వలేదు.

గుంటూరులోని స్పైసెస్ బోర్డు ప్రయోగశాల వంటి చోట్ల, పరికరం మాట ఎంత నమ్మాలన్న ఈ ప్రశ్నకు ధర కూడా ఉంటుంది. కల్లంలో సరిగా ఎండని మిర్చికి బూజు పడితే అఫ్లాటాక్సిన్ పుట్టవచ్చు. అతినీలలోహిత కాంతిలో అది మెరుస్తుంది, ఆ మెరుపుతోనే దాన్ని కొలుస్తారు. అయితే ఎర్రని కారంలోంచి విషమంతా బయటికి రాదు. శుభ్రమైన కారంలో తెలిసినంత విషం కలిపి, ఎంత తిరిగి వస్తుందో చూస్తారు. 10 పాళ్లు కలిపితే 8 తిరిగి వచ్చాయనుకుందాం. అప్పుడు కిలోకు 4.2 మైక్రోగ్రాములన్న రీడింగు సవరించాక 5.25 అవుతుంది. మిర్చిలో అఫ్లాటాక్సిన్ బీ1 రకానికి యూరోపియన్ యూనియన్ పరిమితి 5. దిద్దని అంకె గట్టెక్కించిన సరుకును దిద్దిన అంకె గీత దాటించింది. అయినా ఈ ఒక్క అంకెతో యూరోపియన్ యూనియన్ అధికారులు సరుకును తిరగ్గొట్టరు. సవరణతో పాటు కొలతలోని అనిశ్చితిని కూడా లెక్కవేసి, పరిమితి దాటిందనడంలో సహేతుకమైన సందేహం మిగలకపోతేనే తిరస్కరించాలని వాళ్ల నిబంధన.