పుట్టగొడుగుల టీ, ఐదవ శీలం



ఐదవ శీలం అనగానే మనవాళ్ళకు సారా, కల్లు, బ్రాందీ గుర్తొస్తాయి. ఇంకొంచెం ఆలోచిస్తే గంజాయి. కానీ ఈమధ్య ధ్యాన తరగతులకు వచ్చే కుర్రాళ్ళు, అందులోనూ బాగా చదువుకున్నవాళ్ళు, వేరే ప్రశ్న అడుగుతున్నారు. "సార్, మ్యాజిక్ మష్రూమ్ టీ తాగితే పదేళ్ళ ధ్యానంలో రాని అనుభవం ఒక్కపూటలో వస్తుందంట గదా. అది మత్తు కాదంట, మందంట. నేలలోంచి మొలిచిందే గదా, అదీ తప్పేనా?" అని. కొడైకెనాల్ వెళ్ళొచ్చిన స్నేహితుడు చెప్పాడంటారు.

ఈ ప్రశ్న అడిగినవాణ్ణి కసిరి పంపేస్తే లాభం లేదు. వాడు తాగుబోతు కాదు. లోపల ఏదో బాధ ఉంది, అది తగ్గాలని చూస్తున్నాడు. మనం జవాబు చెప్పకపోతే ఆ స్నేహితుడే చెబుతాడు. కాబట్టి తెలిసినది తెలిసినట్టు, దాచకుండా మాట్లాడుకుందాం.

ముందు ఆ పదార్థం సంగతి. వానాకాలం మనం కూర వండుకునే పుట్టగొడుగుల్లో ఇది ఉండదు. కొన్ని జాతుల్లో మాత్రమే సైలోసైబిన్ అనే రసాయనం ఉంటుంది. అది ఒంట్లోకి వెళ్ళాక సైలోసిన్‌గా మారి, మెదడులో సెరటోనిన్ పనిచేసే చోట్లకు చేరుతుంది. నమిలి తిన్నదానికన్నా టీగా తాగితే త్వరగా, చాలాసార్లు అరగంట లోపే ఎక్కుతుంది. గంట, రెండు గంటల్లో తారస్థాయికి పోయి, మొత్తం నాలుగు నుంచి ఆరు గంటలు ఉంటుంది. రంగులు చిక్కబడతాయి, గోడ ఊపిరి పీల్చుతున్నట్టు కనిపిస్తుంది, కాలం ఆగినట్టుంటుంది, "నేను" అనే హద్దు కరిగిపోయినట్టు అనిపిస్తుంది. దాంతోపాటే కడుపులో తిప్పుతుంది, గుండె వేగం, బీపీ పెరుగుతాయి. సారాలాగా, నల్లమందులాగా రోజూ కావాలని ఒళ్ళు మొండికెయ్యటం దీంతో ఉండదు. ఆ మాట నిజమే, ఒప్పుకోవాలి. కానీ ఒకసారి ఎక్కిందంటే మధ్యలో స్టాపు లేదు. నచ్చినా నచ్చకపోయినా ఆ గంటలు గడవాల్సిందే.

2006లో అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయం వాళ్ళు 36 మంది మీద జరిపిన ఒక అధ్యయనం ప్రచురించారు. మన కుర్రాళ్ళు తరచు చెప్పేది దాని గురించే. అందులో మూడింట రెండు వంతుల మంది ఆ అనుభవాన్ని తమ జీవితంలో అతి ముఖ్యమైనవాటిలో ఒకటిగా చెప్పారు. ఇక్కడిదాకా అందరికీ తెలుసు. రెండో సగం ఎవరూ చెప్పరు. అదే 36 మందిలో 11 మందికి తీవ్రమైన భయం కలిగింది. వాళ్ళంతా ముందే పరీక్షించి ఎంపిక చేసినవాళ్ళు, ఆరోగ్యవంతులు. కొలిచిన మోతాదు ఇచ్చారు, పక్కన శిక్షణ పొందిన మనుషులు కూర్చున్నారు. అంత జాగ్రత్తలోనే అలా అయితే, లాడ్జి గదిలో నలుగురు స్నేహితులు ఏదో పొట్లం మరిగించుకు తాగినప్పుడు పట్టుకునేవాడెవడు? ఆ భయంలో రోడ్డు మీదికి పరిగెత్తినా, మేడ మీంచి అడుగేసినా కొండ ప్రదేశాల్లో ఏమవుతుందో వేరే చెప్పనక్కర్లేదు.

దిగులు జబ్బుకు దీన్ని మందుగా వాడవచ్చా అని పెద్ద ఆసుపత్రుల్లో పరిశోధనలు సాగుతున్న మాట వాస్తవం. ఆస్ట్రేలియాలో 2023 జూలై నుంచి అనుమతి పొందిన మానసిక వైద్యులు కొందరు రోగులకు రాయవచ్చు. అది మంచిదే, దుఃఖం తగ్గించే మందు వస్తే బౌద్ధులకు అభ్యంతరం ఏముంటుంది? అయితే ఆ పరిశోధనల్లో స్కిజోఫ్రెనియా, బైపోలార్ ఉన్నవాళ్ళను, మామూలుగా ఇంట్లో దగ్గరివాళ్ళకు ఆ జబ్బులున్నవాళ్ళను కూడా చేర్చుకోరు. అలాంటివాళ్ళకు అణిగి ఉన్న జబ్బు పైకి లేచే ప్రమాదం ఉంది. మనలో ఎంతమందికి మన మేనమామకో, చిన్నాయనకో వచ్చింది ఏ జబ్బో తెలుసు? "గాలి సోకింది", "మతి చలించింది" అని సరిపెట్టిన ఇళ్ళే ఎక్కువ గదా. లిథియం మాత్రలు వాడేవాళ్ళకు దీనితో కలిపి ఫిట్స్ వచ్చిన కేసులున్నాయి. ఇంకొందరు దిగులు మాత్రలు వేసుకుంటే టీ ఎక్కదని డాక్టరుకు చెప్పకుండా మాత్రలు మానేస్తారు. టీ కన్నా అదే పెద్ద ముప్పు కావచ్చు.

ఇంకో సంగతి. మన పల్లెల్లో తినదగినదాన్ని పుట్టగొడుగు అనీ, తినకూడనిదాన్ని కుక్కగొడుగు అనీ వేరు చేసి చెబుతారు. ఆ తేడా తెలిసిన ముసలమ్మలు కూడా అనుమానముంటే పారేస్తారు. సైలోసైబిన్ జాతుల్ని పోలిన గలెరీనా అనే చిన్న గోధుమరంగు పుట్టగొడుగులో అమటాక్సిన్ అనే విషం ఉంటుంది. ఎంత మరిగించినా ఆ విషం చావదు. తిన్న వెంటనే ఏమీ తెలియదు. ఆరు నుంచి పన్నెండు గంటలు, ఒక్కోసారి ఇంకా ఆలస్యంగా, వాంతులు, విరేచనాలు మొదలవుతాయి. తర్వాత కొంచెం తగ్గినట్టు అనిపిస్తుంది. ఆ తగ్గిన వేళలోనే లోపల కాలేయం పాడవుతుంటుంది. ఎండబెట్టి పొడి చేసి అమ్మేదాంట్లో ఏ గొడుగు ఉందో కొనేవాడికి తెలిసే దారి లేదు.

ఈ పుట్టగొడుగుల్ని తరతరాలుగా ఎరిగినవాళ్ళ కథ కూడా వినండి. మెక్సికో దేశంలో ఓహాకా కొండల్లో మజటెక్ అనే ఆదివాసులున్నారు. వాళ్ళకిది సరదా కాదు. ఇంట్లో జబ్బుమనిషి ఉన్నప్పుడు వైద్యం తెలిసిన పెద్దామె రాత్రిపూట, కట్టుబాట్లతో జరిపే క్రతువు. 1955లో గోర్డన్ వాసన్ అనే అమెరికా బ్యాంకు ఉద్యోగి మారియా సబీనా అనే ఆమె దగ్గరకు వెళ్ళి ఆ క్రతువులో కూర్చున్నాడు. 1957లో "లైఫ్" పత్రికలో దాని గురించి రాశాడు. ఆమె పేరు మార్చి రాసినా, ఊరు తెలిసిపోయింది. 1960లలో విదేశీ కుర్రాళ్ళు ఆ కొండల మీద పడ్డారు. జబ్బు నయం చేసుకోవటానికి కాదు, దేవుణ్ణి చూడటానికట. పోలీసులు వచ్చారు, ఊరు ఆమె మీద కోపగించుకుంది, ఆమె ఇల్లు తగలబెట్టారు. పరాయివాళ్ళు వచ్చాక ఆ పుట్టగొడుగుల్లో శక్తి పోయిందని ఆమె చివరికి వాపోయింది. 1985లో పేదరాలిగానే చనిపోయింది. "అనుభవం" కోసం వెళ్ళినవాళ్ళు అనుభవం పొంది ఇళ్ళకు పోయారు. నష్టం ఎవరికి మిగిలిందో చూడండి. ఒకరి అనుభవానికి ఇంకొకరు మూల్యం చెల్లించటం ధమ్మం లెక్కలో చిన్న విషయం కాదు.

ఇప్పుడు శీలం దగ్గరకు వద్దాం. "ఐదవ శీలంలో సుర, మేరయ అని ఉంది, పుట్టగొడుగు లేదు గదా" అని వాదించే తెలివిగలవాళ్ళున్నారు. ఆ శీలంలో అసలు కీలకం 'పమాదం' అనే మాటలో ఉంది. ఎరుక తప్పటానికి చోటిచ్చేదేదైనా దాని కిందికే వస్తుంది. బాబాసాహెబ్ అంబేడ్కర్ 1956లో నాగపూరులో ఇచ్చిన 22 ప్రతిజ్ఞల్లో మత్తు పదార్థాలు ముట్టనన్నది ఒకటి. అక్కడా పేర్ల పట్టీ వెతుక్కునే పని లేదు.

వినయపిటకంలో సాగతుడనే భిక్షువు కథ ఉంది. ఆయన మామూలు భిక్షువు కాదు, భయంకరమైన నాగుపామును తన శక్తితో లొంగదీసినవాడు. ఆ పేరు విని కోసంబి పట్టణం జనం ఇంటింటా ఆయనకు మంచి మద్యం పోశారు. గౌరవంతోనే పోశారు సుమా! ఆయన నగర ద్వారం దగ్గర పడిపోయాడు. మోసుకొచ్చి బుద్ధుని వైపు తల పెట్టి పడుకోబెడితే, అటూ ఇటూ దొర్లి కాళ్ళు బుద్ధుని వైపు పెట్టాడు.  ఇప్పుడు ఈయన ఒక నీటిపామునైనా లొంగదీయగలడా అని బుద్ధుడు భిక్షువుల్ని అడిగాడు. భిక్షువులు తాగకూడదనే నియమం అక్కడ పుట్టింది. సాగతుడికి లేని శక్తి మద్యం ఇవ్వలేదు. ఉన్నది కాస్తా ఆ కాసేపు లాక్కుంది.

"సార్, కానీ నాకు వెలుగు కనిపించింది" అంటాడు మన కుర్రాడు. కనిపించి ఉంటుంది, అబద్ధమని నేననను. అయితే బుద్ధఘోషుడు విసుద్ధిమగ్గంలో విపస్సనకు అడ్డుపడే మలినాలు పది చెప్పాడు. వాటిలో మొదటిది ఏమిటో తెలుసా? ఓభాసం, అంటే వెలుగు! తర్వాత ప్రీతి, ప్రశాంతి, సుఖం లాంటివి వస్తాయి. ఏళ్ళ తరబడి సాధన చేసి, ఏ పదార్థమూ లేకుండా చూసిన వెలుగునే "ఇదే గమ్యం" అని పట్టుకుంటే దారి తప్పుతావని ఆ పెద్దాయన హెచ్చరించాడు. ఇక టీ కప్పులో వచ్చిన వెలుగు సంగతేమిటి? "నేను" కరిగిందంటారు. ఆరు గంటల తర్వాత అదే "నేను" లేచి, నాకు ఎంత గొప్ప అనుభవం వచ్చిందో అని వారం రోజులు చెప్పుకు తిరుగుతుంది. అనిత్యాన్ని చూడాలంటే ఆ పొంగు ఎలా వచ్చిందో, ఎలా పోయిందో తెలివితో గమనించాలి. తెలివే తడబడుతున్నప్పుడు గమనించేదెవరు?

ఇంకో వాదం కూడా తెస్తారు. బుద్ధుని చివరి భోజనంలో చుందుడు వడ్డించిన సూకరమద్దవం పుట్టగొడుగే గదా అని. పంది మాంసమనీ, పుట్టగొడుగనీ రెండు అర్థాలూ చెప్పిన పండితులున్నారు. పుట్టగొడుగే అనుకుందాం. తిన్నాక ఆయనకు దర్శనాలు రాలేదు, రక్త విరేచనాలు పట్టుకున్నాయి. మిగిలినది ఎవరికీ పెట్టవద్దని గొయ్యి తీసి పాతిపెట్టించాడు. మరి మనం దాంట్లోంచి నేర్చుకోవలసింది అదే గదా! ఆ తర్వాత, చుందుణ్ణి ఎవరూ నిందించకూడదని ఆనందుడికి ప్రత్యేకంగా చెప్పి పంపాడు.

తల్లిదండ్రులు ఆ చివరి మాట గుర్తుపెట్టుకోండి. చట్టం సంగతి కూడా పిల్లలకు తెలియాలి. 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం జాబితాలో సైలోసైబిన్ ఉంది, కేసు పడితే చదువు, ఉద్యోగం, పాస్‌పోర్టు అన్నీ చిక్కులో పడతాయి. కానీ ఇంట్లో ఒకడు తాగి వచ్చాడని తెలిసిన రాత్రి తిట్లకూ దెబ్బలకూ సమయం కాదు. లైటు తగ్గించి, చప్పుడు లేని గదిలో కూర్చోబెట్టండి. బండి తాళాలు తీసుకోండి, మేడ మీదికి పోనివ్వకండి, ఒంటరిగా వదలకండి. "ఇది కొన్ని గంటల్లో తగ్గిపోతుంది, నేనిక్కడే ఉన్నా" అని మెల్లగా చెబుతూ ఉండండి. ఫిట్స్ వచ్చినా, ఒళ్ళు కాలిపోతున్నా, ఛాతీలో నొప్పి అన్నా, తనకు తాను హాని చేసుకునేలా ఉన్నా వెంటనే 108కి ఫోన్ చెయ్యండి. మర్నాడు వాంతులు, విరేచనాలు మొదలైతే, మధ్యలో తగ్గినా సరే, ఆసుపత్రికి తీసుకుపొండి. పరువు పోతుందని డాక్టరు దగ్గర దాచవద్దు. రోజులు గడిచినా దిగులో, భయమో, లేనివి కనబడటమో పోకపోతే మానసిక సహాయానికి టెలీ మానస్ 14416 నంబరుంది, తెలుగులోనే మాట్లాడవచ్చు. ఆ పొట్లంలో గానీ గిన్నెలో గానీ ఏమైనా మిగిలి ఉంటే కడిగి పారబోయకుండా డాక్టరుకు చూపించటానికి వెంట తీసుకువెళ్ళండి.