ఆకాశసాక్షి

పెండ్లిపందిటిపై నాలుగు రెక్కల డ్రోను తుమ్మెదవలె రొదసేయుచు నిలిచినంతనే, జీలకఱ్ఱబెల్లము తలనుంచుకొన్న వధూవరులు మొదలు అక్షతలు పట్టిన ముత్తైదువల వఱకు అందఱును మంత్రము మఱచి, మొగములెత్తి నవ్వుదురు. దాని గాలికి పురోహితుని ఉత్తరీయము జాఱును.

దీనిని సాక్షి యనవచ్చునా? ముండకోపనిషత్తులోని రెండు పక్షులలో ఫలము భుజింపక చూచుచుండునది సాక్షి. ఆ చూపు ఎవరి సహజత్వమును చెఱుపదు. ఈ యంత్రము చూచినంతనే మానవుడు నటుడగుచున్నాడు. కావున నిది సాక్షి గాదు, రాబోవు ప్రేక్షకుల కన్ను మాత్రమే. శాసనమును చూచినచో, 250 గ్రాములకు మించని డ్రోను నడుపువానికి లైసెన్సు అక్కఱలేదని 2021 నాటి భారత డ్రోను నియమములు చెప్పుచున్నవి. ఎగురుటకు శాసనము మేర గీయగలదు గాని, చూచుటకు మేర వివేకమే గీయవలెను.

ఆ రాత్రి అరుంధతిని చూపుటకై పురోహితుడు వ్రేలెత్తగా, వధువునకు మొదట కనబడినది మినుకుమినుకుమను ఎఱ్ఱదీపము.