గరిక కోసేముందు ఒక్క మాట

ఈ వారం వీడియోలో భగవద్గీత మూడో అధ్యాయం గురించి మాట్లాడుకున్నాం కదా. టైం చాలక అందులో చెప్పలేకపోయిన ఒక పుస్తకం గురించి ఇక్కడ రాస్తున్నాను.

దాని పేరు ‘బ్రెయిడింగ్ స్వీట్‌గ్రాస్’. 2013లో వచ్చింది. రాసినావిడ రాబిన్ వాల్ కిమ్మరర్. అమెరికాలోని పొటావాటమీ అనే ఆదివాసీ జాతి ఆవిడది. న్యూయార్క్ రాష్ట్రంలో వృక్షశాస్త్రం చెప్పే ప్రొఫెసర్. స్వీట్‌గ్రాస్ అంటే సువాసన వచ్చే ఒక గడ్డి. వాళ్లకది పవిత్రం. భూమాత జుట్టుగా భావించి, ప్రేమగా జడలా అల్లుతారు. బుట్టల్లోనూ వాడతారు.

కొన్నిచోట్ల ఆ గడ్డి తగ్గిపోతోందని బుట్టలల్లేవాళ్లకి అనుమానం వచ్చింది. కొందరు ఒక్కో పోచనీ మొదలు దగ్గర గిల్లుతారు, కొందరు వేళ్లతో సహా పీకుతారు. తప్పు ఏ పద్ధతిలో ఉంది? కిమ్మరర్ దగ్గర చదివే ఒక అమ్మాయి దీనిమీద పరిశోధన చేస్తానంది. ‘కోస్తే గడ్డి తగ్గుతుందని అందరికీ తెలిసిందేగా’ అన్నట్టు పెద్ద ప్రొఫెసర్లు తేలిగ్గా తీసేశారు. అయినా ఆ అమ్మాయి రెండేళ్లు కష్టపడింది. కొన్ని మడుల్లో ఒక పద్ధతిలో, కొన్నిట్లో రెండో పద్ధతిలో, సగం మాత్రమే కోసింది. కొన్నిటిని అసలు ముట్టుకోలేదు.

చివరికి ఏమైందో తెలుసా? కోసిన మడులు, ఏ పద్ధతిలో కోసినవైనా, బాగా పెరిగాయి. ముట్టుకోని మడులే క్షీణించాయి! సగం తీసేసరికి మిగిలినదానికి ఎండా చోటూ దొరికి, నేలలోపలి దుంపవేళ్ల నుంచి కొత్త పిలకలు వచ్చాయి. ముట్టుకోని చోట ఎండుగడ్డి పేరుకుపోయి దాన్ని ఊపిరాడనివ్వలేదు.

అంటే మనిషి చెయ్యి పడితే ప్రకృతి పాడవుతుందనేది పూర్తి నిజం కాదు. ఆ చెయ్యి ఎలాంటిదన్నదే ప్రశ్న. వాళ్లకి దీనికి నియమాలున్నాయి. కోసేముందు అడగాలి. మొదట కనిపించినదాన్ని కోయకూడదు, చివరిదాన్ని అసలే కోయకూడదు. సగం కంటే ఎక్కువ తీసుకోకూడదు, తీసుకున్నది పారేయకూడదు. బదులుగా ఏదైనా ఇవ్వాలి. అందుకే కోతకి ముందు నేలమీద కాస్త పొగాకు కానుకగా ఉంచుతారు.

చదవగానే నేనేమన్నానో తెలుసా? “ఓస్, ఇదంతా మన గీతలో ఎప్పుడో ఉంది!” నిజమే, ఉంది. దేవతలు ఇచ్చినదాన్ని తిరిగి ఏమీ ఇవ్వకుండా అనుభవించేవాడు దొంగే అని మూడో అధ్యాయం చెప్తుంది. కానీ పుస్తకంలో ఉంటే సరిపోతుందా? నా సంగతే చూసుకున్నాను. పోయిన వినాయక చవితికి పత్రి కట్ట కొన్నాను. ఇరవై ఒక్క రకాల పేర్లు చదువుతూ, చేతికి ఏ ఆకు వస్తే అది వేశాను. ఉత్తరేణి ఏదో, వావిలి ఏదో నాకు తెలీదు. మర్నాడు అంతా ప్లాస్టిక్ కవర్‌లో కట్టి చెత్తబండిలో వేశాను. మంత్రం కరెక్టే. దొంగని మాత్రం నేనే.

పొటావాటమీల చరిత్ర కూడా గుర్తుపెట్టుకోండి. 1838లో వాళ్లలో 800 మందికి పైగా జనాన్ని ఇండియానా నుంచి కాన్సాస్ దాకా తుపాకుల కాపలాలో నడిపించారు. దారిలో 40 మంది దాకా చనిపోయారు. ఎక్కువమంది పిల్లలే. నేల పోగొట్టుకున్నవాళ్లు కూడా నేలపట్ల బాధ్యత వదల్లేదు. కాబట్టి వాళ్ల ఆచారాన్ని కాపీ కొట్టడమో, ‘మాదే ముందు’ అని గొప్పలు చెప్పుకోవడమో కాదు, మన మాట మనం నిలబెట్టుకోవడమే వాళ్లకి నిజమైన గౌరవం.

ఈసారి నేనొకటి అనుకున్నాను. బాల్కనీలో ఒక కుండీలో గరిక నాటాను. అదీ గడ్డే కదా! పూజకి కోసేముందు ఒక్క క్షణం ఆగి దణ్ణం పెట్టుకుంటాను. సగం వదిలేస్తాను. నిర్మాల్యాన్ని ఎరువుగా చేసి, మళ్లీ ఆ కుండీకే వేస్తాను. మీ ఫ్లాట్‌లోనూ ఒక కుండీకి చోటు ఉంటుంది. దేవుడికి ఇచ్చేముందు భూదేవిని అడుగుదాం, ఇచ్చాక ఆమెది ఆమెకి చేరుద్దాం. యజ్ఞం అంటే హోమగుండం ఒక్కటే కాదండీ, ఇదీ యజ్ఞమే.

శుభం భూయాత్.